ఆ రాత్రి దేవుడు ఎక్కడున్నాడు?



నవంబరు నెల మరణించిన మన ఆత్మీయుల నెల. మా రామాపురంలో ఆత్మల పండుగకు వారం ముందునుంచే విచారణ ప్రజలు చిన్న కాగితాల మీద పేర్లు రాసి తెస్తారు. తాతగారి ఆత్మశాంతికి, అత్తగారి ఆత్మశాంతికి పూజ పెట్టమని అడుగుతారు. వాటిలో ఒక కాగితం మాత్రం ఏటా ఒకే తేదీకి వస్తుంది. నవంబరు 19. దాని మీద మూడు పేర్లుంటాయి. ఒకటి భర్తది. రెండు పసిబిడ్డలవి.

ఆ తేదీ ఏమిటో తీరప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుఫాను ఆ రోజు మన తీరాన్ని దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించి వీచింది. సముద్రం మూడు నిలువుల ఎత్తున లేచి ఊళ్ళ మీద పడింది. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ఇటు నిజాంపట్నం వైపు తీర గ్రామాలూ దెబ్బతిన్నాయి. అధికారుల లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. అంతకంటె చాలా ఎక్కువేనని కళ్ళారా చూసినవారు అంటారు.

నేను ఈ విచారణకు వచ్చిన మొదటి ఏడు, ఆ తేదీన దివ్యబలిపూజలో ఒక ప్రసంగం చేశాను. ఆ రాత్రి తాటిచెట్టును పట్టుకుని వేలాడి, తెల్లవారేసరికి ప్రాణాలతో మిగిలిన ఒక కుటుంబం సంగతి చెప్పాను. “వారు దేవుణ్ణి నమ్మారు. దేవుడు వారితో ఉన్నాడు. అందుకే నీళ్ళు వారిని ముట్టలేదు” అన్నాను. గుడిలో అందరూ తలలూపారు. ప్రసంగం బాగా కుదిరిందని నాకూ అనిపించింది.

పూజ అయ్యాక, వస్త్రాలు మార్చుకుంటున్న గది గుమ్మం దగ్గర డెబ్బైకి దగ్గరపడ్డ ఒక తల్లి నిలబడి ఉంది. ఆ కాగితం ఇచ్చిన తల్లే. చేతులు జోడించి నెమ్మదిగా అడిగింది.

“స్వామీ, ఆ చెట్టు మీద వాళ్ళ దగ్గర దేవుడుంటే, నా బిడ్డల దగ్గర లేడా?”

నా నోట మాట రాలేదు. ఆమె నా ఇబ్బంది చూసి తానే అంది, “జవాబు చెప్పమని కాదు స్వామీ. ఇంకోసారి మటుకు అట్లా చెప్పబాకండి.”

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివాను. దేవుని సర్వవ్యాపకత్వం గురించి పరీక్ష రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ గుమ్మం దగ్గర ఆ చదువంతా నాకు అక్కరకు రాలేదు. ఆనాటినుంచి ఆ తల్లి ప్రశ్నను మోస్తూ ఉన్నాను. దేవుడు మనతో ఉన్నాడు అని మనం రోజూ అంటాం. ఆ మాటకు అర్థం ఏమిటి? ఈ వారం దాని గురించి మీతో కలిసి ఆలోచించాలని ఉంది.

ముందుగా, మన ఇళ్ళలో వినిపించే మూడు జవాబులను పరిశీలిద్దాం.

మొదటిది: “ఏదో పాపం చేసి ఉంటారు. అందుకే దేవుడు శిక్షించాడు.” ఈ మాట చావు ఇంట్లో కూడ అనేవారున్నారు. ప్రభువు దీన్ని స్పష్టంగా కాదన్నాడు. సిలోవాము దగ్గర గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములో తక్కినవారికంటె పాపులు కారని చెప్పినట్లు లూకా సువిశేషంలో చదువుతాం. పుట్టుగ్రుడ్డివాణ్ణి చూపి తప్పు ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నాడు. యోబుకు నీతులు చెప్పిన స్నేహితుల మీద దేవునికి కోపం వచ్చింది గాని, బాధ తట్టుకోలేక దేవునితోనే వాదానికి దిగిన యోబు మీద కాదు. కాబట్టి, ప్రియ పాఠకులారా, కష్టంలో ఉన్నవారి ఇంటికి వెళ్ళి వారి పాపాల లెక్క తీయడం క్రైస్తవ పద్ధతి కాదు.

రెండవది నేను చేసిన పొరపాటే: “విశ్వాసం ఉన్నవారు బ్రతికారు.” వినడానికి ఇది దేవుణ్ణి స్తుతించినట్లే ఉంటుంది. కాని దీని వెనుక ఉన్న లెక్క చూడండి. బ్రతికినవారి దగ్గర దేవుడున్నాడంటే, పోయినవారి దగ్గర లేడని అర్థం వస్తుంది. వారి విశ్వాసం చాలలేదని అర్థం వస్తుంది. రెండేళ్ళ పసిబిడ్డ విశ్వాసాన్ని ఎవరు తూచారు? ఈ ఆలోచన దేవుణ్ణి తాయెత్తుగా మారుస్తుంది. కట్టుకుంటే ప్రమాదం రాదు, వచ్చిందంటే సరిగా కట్టుకోలేదు. ప్రాణాలు దక్కినవారు దేవునికి కృతజ్ఞత చెప్పడం న్యాయమే, చెప్పాలి కూడ. కాని ఆ కృతజ్ఞత పక్కింటివాని దుఃఖం మీద తీర్పుగా మారకూడదు.

మూడవది: “తలరాత. రాసిపెట్టి ఉంది, జరిగింది.” ఇది దేవుని మీద భారం వేయడంలా కనబడుతుంది గాని, నిజానికి చేతులు ముడుచుకు కూర్చోవడమే. 1977లో తీర గ్రామాల వారికి హెచ్చరిక సరిగా అందలేదు. అందినా పరుగెత్తి ఎక్కడానికి గట్టి కట్టడం లేదు. ఆ తరువాత మన తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు. హెచ్చరికల పద్ధతి బాగుపడింది. 1990 మే 9న మళ్ళీ అలాంటి పెనుతుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. ఈసారి చనిపోయినవారు 1,000 లోపే. ఆ ఇళ్ళవారికి అదీ భరించరాని సంఖ్యే. అయినా 10,000 ఎక్కడ, 1,000 లోపు ఎక్కడ? తలరాతే అయితే, పదమూడేళ్ళలో ఆ రాత ఎవరు మార్చారు?

పునీత థామస్ అక్వినాసు ఇక్కడ మనకు సాయం చేస్తాడు. దేవుడు లోకాన్ని నడిపించేటప్పుడు అన్నీ తానొక్కడే చేయడు. తాను సృష్టించినవాటికి కూడ పని చేసే శక్తిని, ఆ గౌరవాన్ని ఇచ్చాడు అని ఆయన బోధించాడు. గాలికి గాలి స్వభావం, నీటికి నీటి స్వభావం ఉన్నాయి. సముద్రం వేడెక్కితే తుఫాను బలపడుతుంది. తీరం దగ్గర లోతు తక్కువైతే ఉప్పెన ఎత్తుగా లేస్తుంది. అలాగే మనిషికి బుద్ధి, కనికరం ఉన్నాయి. షెల్టరు కట్టిన మేస్త్రీ, అర్ధరాత్రి సైకిల్ మీద తిరిగి చాటింపు వేసినవాడు, మంచాన ఉన్న పొరుగింటి ముసలాయనను భుజాన వేసుకున్న కుర్రవాడు, వీరు దేవుని పరిపాలనకు బయటివారు కారు. దేవుని మీద నమ్మకం ఉంచడమంటే హెచ్చరిక విని కదలకుండా కూర్చోవడం కాదు.

ఈ మూడు జవాబులూ పోయాక మిగిలేది ఏమిటి?

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్నతో సతమతమవుతూ ఒకరోజు పాత పంచాంగం లెక్క వేశాను. 1977 నవంబరు 19 శనివారం. మరునాడు 20వ తేదీ ఆదివారం. అది ఆరాధనా సంవత్సరంలో చివరి ఆదివారం, అంటే క్రీస్తురాజు పండుగ! దివిసీమలో శవాలు తేలుతున్న ఆ ఉదయాన, ప్రపంచమంతటా కతోలిక దేవాలయాల్లో క్రీస్తు విశ్వానికి రాజు అని పండుగ చేసుకుంటున్నారు. మొదట నాకిది తట్టుకోలేని విడ్డూరంగా తోచింది. ఏ రాజు? ఎక్కడి రాజ్యం?

తరువాత ఆ రోజు సువిశేష పఠనం ఏదో చూశాను. మన పఠనాలు మూడేళ్ళకొకసారి తిరిగి వస్తాయని మీకు తెలుసు. ఆ ఏడాది వంతు లూకా సువిశేషం, 23వ అధ్యాయం. సింహాసనం మీద కూర్చున్న రాజు కాదు, సిలువ మీద వేలాడుతున్న రాజు. ఆ కొద్ది వచనాల్లో ఒకే మాట మూడుసార్లు వినబడుతుంది. పెద్దలు హేళన చేస్తారు, సైనికులు హేళన చేస్తారు, పక్కన వేలాడే దొంగ కూడ హేళన చేస్తాడు. ముగ్గురి సారాంశమూ ఒకటే: నువ్వు నిజంగా దేవుని వాడివైతే ఇందులోనుంచి తప్పించి చూపించు.

చూశారా? తప్పిస్తేనే దేవుడున్నట్లు, తప్పించకపోతే లేనట్లు. నా ప్రసంగంలో ఉన్నది ఆ తర్కమే. నేను బలిపీఠం దగ్గర నిలబడి, నాకు తెలియకుండానే ఆ హేళన చేసినవారి పక్షాన మాట్లాడాను.

రెండవ దొంగ వేరుగా మాట్లాడతాడు. దింపమని అడగడు. తనను జ్ఞాపకం పెట్టుకోమంటాడు. ప్రభువు అతనికి ఇచ్చిన మాటలో కూడ మేకులు ఊడతాయన్నది లేదు. ఆ రోజే తనతో ఉంటాడన్నది ఉంది. ఇద్దరు దొంగల్లో ఎవరూ సిలువ దిగలేదు. ప్రభువూ దిగలేదు. దేవుని సన్నిధి కష్టాన్ని తప్పించడం దగ్గర ఆగిపోయేది కాదు. కష్టం లోపలికి వచ్చి, మన పక్కనే, మనలాగే వేలాడి, చావు దాటి తీసుకువెళ్ళేది. ఇమ్మానుయేలు అంటే దేవుడు మనతో అని అర్థం. మన బదులు అని కాదు, మనకు దూరంగా అని కాదు.

ఇక్కడ మీలో ఆలోచనాపరులు ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. “జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన తల్లి కూర్చుంటుంది. నొప్పి తీసివేయడం ఆమె చేతిలో లేదు గనుక కూర్చోవడమే ప్రేమ. కాని దేవుని చేతిలో ఉంది కదా! ఉండీ ఎందుకు ఊరుకున్నాడు?” ఈ ఆక్షేపణ గట్టిది. దీన్ని తేలిగ్గా కొట్టివేసేవారిని నమ్మకండి. గాలికి, నీటికి, మనిషికి వాటి స్వభావం ఇచ్చినవాడు ప్రతి నిమిషమూ దాన్ని వెనక్కు తీసుకోడని తత్వశాస్త్రం చెబుతుంది. అది కొంత దూరం తీసుకువెళుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరకు మాత్రం తీసుకువెళ్ళదు. అక్కడ మనకు మిగిలేది ఒక్కటే. ఈ ‘ఎందుకు’ అనే ప్రశ్నను కుమారుడైన క్రీస్తే సిలువ మీదనుంచి తండ్రిని అడిగాడు. విడిచిపెట్టావేమని 22వ కీర్తన మాటల్లో కేకవేశాడు. కాబట్టి ఆ ప్రశ్న అవిశ్వాసం కాదు. అది ప్రార్థన. కన్నీళ్ళతో దేవుణ్ణి నిలదీసేవాడు, దేవుడు వింటున్నాడని నమ్మినవాడే.

ఇక మంచి రోజుల సంగతి. కష్టంలో దేవుడెక్కడ అని అందరం అడుగుతాం. సుఖంలో ఎవరు అడుగుతారు?

మన డెల్టా కథే చూడండి. 1833లో గుంటూరు సీమ డొక్కల కరువుతో అల్లాడింది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. తెనాలి, రేపల్లె, బాపట్ల కాలువల కింద భూమి పచ్చబడింది. మన ఇళ్ళు, మన పిల్లల చదువులు, మన దేవాలయాలు కూడ చాలావరకు ఆ నీటి పుణ్యమే. అదే కృష్ణమ్మ 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి, బ్యారేజీ కట్టాక ఎన్నడూ రానంత వరదగా వచ్చింది. కొల్లూరు, కొల్లిపర లంకల్లో అరటి, పసుపు తోటలు మునిగాయి. పెట్టిన చేయీ అదే, పోయిన దారీ అదే. అంతటి నీటిని ఎవరు తన సొంతమనగలరు?

ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో మోషే ప్రజలను హెచ్చరించింది ఎడారి గురించి కాదు. కడుపునిండా తిని, మంచి ఇళ్ళు కట్టుకుని, పశువులూ ధనమూ పెరిగాక, ఇదంతా నా రెక్కల కష్టమే అనుకునే రోజు గురించి. ఆ రోజు మన ఇళ్ళలోకి ఎలా వస్తుందో గమనించండి. అబ్బాయికి విదేశంలో ఉద్యోగం వస్తుంది. డాబా మీద ఇంకో అంతస్తు లేస్తుంది. జపమాల చెప్పుకునే వేళకు టీవీయో సెల్‌ఫోనో వస్తుంది. గృహప్రవేశానికి ఊరంతా వస్తారు, పొలంలో మనకు నాట్లు వేసిన కూలీ మాత్రం గేటు బయట నిలబడతాడు. దేవుడు అక్కడినుంచి వెళ్ళిపోలేదు. ఆయన గేటు బయట నిలబడ్డవాని పక్కన ఉన్నాడు. సుఖంలో దేవుని సన్నిధిని నమ్మడమంటే మన చేతిలో ఉన్నదాన్ని బహుమానంగా చూడడం, బహుమానాన్ని పంచుకోవడం.

మూడవది వ్యతిరేకత. ఇందులో మనం తరచు తప్పు చేస్తాం.

వియత్నాం దేశపు బిషప్పు ఫ్రాన్సిస్ వాన్ తువాన్‌ను 1975 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు అరెస్టు చేశారు. విచారణ లేకుండా 13 ఏళ్ళు నిర్బంధించారు. అందులో 9 ఏళ్ళు ఏకాంతవాసం. మన తీరాన్ని ఉప్పెన ముంచిన రాత్రి ఆయన నిర్బంధంలోనే ఉన్నాడు. అరచేతిలో మూడు చుక్కల ద్రాక్షారసం, ఒక చుక్క నీరు పోసుకుని దివ్యబలి సమర్పించేవాడు. బయట తన ప్రజలు, బడులు, గురువిద్యాలయాలు ఏమైపోతున్నాయోనని మనసు కాలిపోతుంటే, ఆయనకు ఒక సత్యం తెలిసింది. దేవుడు వేరు, దేవుని పనులు వేరు. పనులను ఎవరైనా లాక్కోవచ్చు, దేవుణ్ణి లాక్కోలేరు. 1988లో విడుదలయ్యాడు, 2001లో కార్డినల్ అయ్యాడు, 2002లో ప్రభువులో నిద్రించాడు.

ఇలాంటి సాక్షులను తలచుకోవడం మంచిదే. కాని మనల్ని ఎదిరించిన ప్రతివాడూ హింసకుడు కాడు, మనం ప్రతిసారీ వేదసాక్షులమూ కాము. నా తప్పే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మరో విచారణలో దేవాలయానికి గోపురం కట్టాలని నిధులు కూడగట్టాను. సభలో ఒక కూలీ మనిషి లేచి, “ఫాదరుగారూ, గోపురం కట్టండి. కాని వానాకాలం మా పేటలో మనిషి పోతే మోసుకుపోయే దారి లేదు. అది ముందు చూడండి” అన్నాడు. నాకు కోపం వచ్చింది. తరువాతి ఆదివారం పునీత పౌలుకు ఎదురైన విరోధుల గురించి ప్రసంగించాను. ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆ ఆగస్టులో ఆ పేటలో ఒకరు చనిపోయారు. మోకాలి లోతు బురదలో శవపేటిక వెనుక నేనూ నడిచాను. మోస్తున్న ఒకరు జారిపడ్డారు, పేటిక బురదలో పడింది. నన్ను ఎదిరించిన ఆ మనిషే దాన్ని లేవనెత్తాడు. నా ముఖం చూడలేదు, ఒక్క మాట అనలేదు. ఆ రోజు నాకు బుద్ధి వచ్చింది. ముందు దారి వేశాం, గోపురం తరువాత వచ్చింది.

దేవుడు నాతో ఉన్నాడని నేను అనుకుంటున్నప్పుడు, ఆయన నాకు ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడు. తనను శపిస్తూ రాళ్ళు రువ్వుతున్న షిమీని చంపుతామని తనవారు లేస్తే, దావీదు రాజు వద్దన్నాడు. అతని నోట దేవుడే పలికిస్తున్నాడేమో అనుకున్నాడు. కాబట్టి ఇంట్లో, ఊళ్ళో, సంఘంలో ఎవరైనా మిమ్మల్ని ఎదిరిస్తే, ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఇతడు ఎదిరిస్తున్నది న్యాయాన్నా, నా ఇష్టాన్నా? న్యాయాన్నయితే వాన్ తువాన్‌లా నిలబడండి. మన ఇష్టాన్నయితే దావీదులా తల వంచండి. రెండింటికీ దేవుని మీద నమ్మకమే కావాలి.

ప్రియ పాఠకులారా, ఇదంతా చదివి “మరి మేమేం చేయాలి?” అని అడుగుతారు. పెద్ద పనులు చెప్పను. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ రోజు దక్కిన ఒక మేలు పేరు పెట్టి చెప్పండి, ఆ రోజు తగిలిన ఒక దెబ్బ కూడ పేరు పెట్టి చెప్పండి. రెండూ ఒకే దేవుని ముందు ఉంచడం పిల్లలు నేర్చుకుంటారు. చావు ఇంటికి వెళ్ళినప్పుడు, దేవుడు ఇలా ఎందుకు చేశాడో వివరించకండి. పక్కన కూర్చోండి. కాఫీ కాచి ఇవ్వండి. వారు ఏడిస్తే ఏడవనివ్వండి. తుఫాను హెచ్చరిక వస్తే జపమాల చేతపట్టుకోండి, రెండో చేత్తో ముసలివారిని పట్టుకుని షెల్టరుకు నడవండి.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు రోజు, లోతట్టు ఇళ్ళవారిని బడికి తరలించారు. నేను చీకటిపడ్డాక వెళ్ళాను. కరెంటు లేదు. రేకుల మీద వాన హోరు. ఆ తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె చుట్టూ ఐదారుగురు పిల్లలు, ఆమె బంధువులు కూడ కారు. ఒక పాపను ఒడిలో పెట్టుకుని మంగళవార్త జపం చెబుతోంది. సాయంత్రం నుంచి ఇంటింటికీ తిరిగి జనాన్ని లేపి తెచ్చింది ఆమేనని అక్కడివారు చెప్పారు.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె అడిగిన ప్రశ్నకు అప్పటికీ నేను జవాబు చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఒడిలోని పాప గాలి హోరుకు ఉలిక్కిపడి, “అమ్మమ్మా, ఉన్నావా?” అంది. “ఉన్నా, పడుకో” అంది ఆమె.

ఆ రాత్రి వాన తగ్గలేదు. తెల్లవారేసరికి కోతకొచ్చిన వరి నేలకొరిగి ఉంది. పాప మాత్రం నిద్రపోయింది.

వచ్చే నవంబరు 19న కూడ ఆ మూడు పేర్లతో పూజ ఉంటుంది. వీలైనవారు రండి. సిలువ మీదనుంచి దిగిరాని రాజు, మరణంనుంచి లేచిన ప్రభువు, మీ ఇళ్ళలో సుఖదుఃఖాలన్నిటిలో మీతో ఉండునుగాక. ఆమెన్.